చౌక ఆడియో ఇంటర్‌ఫేస్‌కు అసలు పరీక్ష ఇంటి గదిలోనే

బతుకమ్మ పండుగకు నెలా నెలన్నర ముందు నుంచే వరంగల్, కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు ఇళ్లలో పాటల పని మొదలవుతుంది. రాసేవారు, పాడేవారు, డోలక్ పట్టేవారు ఒకచోట చేరతారు. పండుగ లోపు పాట యూట్యూబ్‌లోకి రావాలి. గంటల లెక్కన స్టూడియోకు అద్దె కట్టే బదులు అదే డబ్బుతో ఒక మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కుంటే ఏటా పనికొస్తాయి కదా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. సరైన ఆలోచనే. అయితే మూడు నాలుగు వేల రూపాయల పెట్టెకూ పన్నెండు పదిహేను వేల పెట్టెకూ నిజంగా తేడా ఎంత? ఆ తేడా హనుమకొండలోని ఒక మామూలు డాబా ఇంటి గదిలో వినిపిస్తుందా? ఇది తేల్చుకోకుండా కొంటే తక్కువ పెట్టినా నష్టమే, ఎక్కువ పెట్టినా నష్టమే.

ఇంటర్‌ఫేస్ చేసే పని క్లిష్టమైనదేమీ కాదు. మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనంగా, వోల్టులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. దాన్ని ప్రీయాంప్ పెంచుతుంది. పెరిగిన సంకేతాన్ని మరో భాగం అంకెలుగా మార్చి యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటర్‌కు పంపుతుంది. కంప్యూటర్ నుంచి తిరిగి వచ్చే అంకెలను శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్లకు, స్పీకర్లకు ఇస్తుంది. కండెన్సర్ మైకులు, అంటే బయటి నుంచి విద్యుత్తు అందితేనే పనిచేసే సున్నితమైన రకం, వాటికి కావలసిన 48 వోల్టుల ఫాంటం పవర్‌నూ ఇదే అందిస్తుంది. వీ8 వంటి పేర్లతో, నవ్వులూ చప్పట్లూ వినిపించే మీటలతో, మైకుతో కలిపి అమ్మే లైవ్ సౌండ్ కార్డులు వేరే జాతివి. వాటిలో చాలావాటికి 48 వోల్టులూ ఉండవు, సరైన ప్రీయాంపూ ఉండదు. పాట రికార్డింగు కోసం వాటిని ఈ లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

కొనేవారి కళ్లు ముందుగా పడేది అట్టపెట్టె మీది అంకెల మీద: 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్. కిలోహెర్ట్జ్ అంకె శాంపిల్ రేటు, అంటే పెట్టె శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేల సార్లు కొలుస్తుందో చెప్పేది. బిట్లు ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉంటుందో చెబుతాయి. బెహ్రింగర్ యూఎం2, యూఎంసీ22, ఎం-ఆడియో ఎం-ట్రాక్ సోలో వంటివి 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగుతాయి. బెహ్రింగర్‌దే యూఎంసీ202హెచ్‌డీ 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ వరకూ పోతుంది. అంకె నాలుగింతలైంది కాబట్టి నాణ్యత కూడా నాలుగింతలని అనుకోవడం సహజం. కానీ శాంపిల్ రేటులో సగం వరకు ఉన్న పౌనఃపున్యాలను ఏ రికార్డింగైనా పట్టుకోగలదు. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటి వినపడదు. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగు 24 వరకూ పడుతుంది. 192లో రికార్డు చేస్తే స్టీరియో పాటకు నిమిషానికి 69 మెగాబైట్ల దాకా ఖర్చవుతుంది, 48లో అయితే 17 చాలు. పైగా యూట్యూబ్ శబ్దాన్ని కుదించడానికి వాడే ఓపస్ కోడెక్ 48 కిలోహెర్ట్జ్ మీదే నడుస్తుంది. బతుకమ్మ పాట కోసం 192 అనే అంకెకు డబ్బు పెట్టడం శుద్ధ దండుగ.

బిట్ల సంగతి వేరు. ఒక్కో బిట్టు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 డెసిబెల్స్ వ్యాప్తి, అంటే అతి సన్నని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఎడం, వస్తుంది. 144 కాగితం మీది లెక్క మాత్రమే. ఈ తరగతిలో అత్యుత్తమమైన పెట్టెలు కూడా 120 దగ్గర ఆగిపోతాయి. ఇంటి గదిలో నిశ్శబ్దం 30, 35 డెసిబెల్స్ దగ్గర ఉంటే, మైకు దగ్గర గట్టిగా పాడిన గొంతు 100 దాకా పోతుంది. అంటే అవసరమైన వ్యాప్తి 70 లోపే. అందువల్ల 16 బిట్లతో మంచి రికార్డింగు రాదనడం తప్పు. 24 బిట్ల మేలు ఇంకో చోట ఉంది. గెయిన్, అంటే ప్రీయాంప్ సంకేతాన్ని పెంచే మోతాదు, జాగ్రత్తగా పెట్టలేకపోయినా అది క్షమిస్తుంది. మీటరు గరిష్ఠానికి 12 డెసిబెల్స్ కింద, ఇంకా భయముంటే 18 కింద పెట్టుకుని, తర్వాత ధైర్యంగా పెంచుకోవచ్చు. నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన వరంగల్‌లో మిమిక్రీ సాధన చేసేవారికి ఈ వెసులుబాటు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. గుసగుస నుంచి గర్జన దాకా గొంతు ఒక్క క్షణంలో మారుతుంది. గుసగుసకు సరిపడా గెయిన్ పెడితే గర్జన పగిలిపోతుంది. గర్జనకు పెడితే గుసగుస అడుగున పడిపోతుంది. 24 బిట్లుంటే గర్జనకే పెట్టి, గుసగుసను తర్వాత పైకి తీసుకోవచ్చు.

ఇక అసలు విషయం, పెట్టె సొంత చప్పుడు. ప్రతి ప్రీయాంప్‌కూ కొంత సన్నని 'స్' శబ్దం ఉంటుంది. దాన్ని మైకు ప్లగ్గు దగ్గర ఎంత వోల్టేజీతో సమానమో లెక్కగట్టి, డీబీయూ అనే కొలతలో చెబుతారు. అంకె ఎంత కిందికి పోతే పెట్టె అంత నిశ్శబ్దం. మంచి పెట్టెలకు ఇది మైనస్ 127 దగ్గర ఉంటుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ నాలుగో తరం ప్రకటించిన అంకె అదే. ప్రకృతి కూడా ఒక హద్దు గీసింది. 150 ఓముల నిరోధం దానికదే పుట్టించే శబ్దం సుమారు మైనస్ 131. దానికన్నా కిందికి ఎవరూ పోలేరు. ఇప్పుడు ఒక చౌక పెట్టె ఇంతకన్నా బాగా వెనుకబడి, మైనస్ 120 దగ్గర ఉందనుకుందాం. 7 డెసిబెల్స్ తేడా కాగితం మీద ఘోరంగా కనిపిస్తుంది. గదిలో ఏమవుతుంది?

షూర్ ఎస్ఎం58 డైనమిక్ మైకు, అంటే ఫాంటం పవర్ అక్కరలేని రకం, 94 డెసిబెల్స్ శబ్దానికి 1.85 మిల్లీవోల్టులు, అంటే 1850 మైక్రోవోల్టులు ఇస్తుంది. మైనస్ 120 డీబీయూ అంటే 0.78 మైక్రోవోల్టు. ఈ రెండింటి నిష్పత్తి 67, 68 డెసిబెల్స్. 94 నుంచి తీసేస్తే 26 మిగులుతుంది. అంటే ఆ చౌక పెట్టె చప్పుడు, మైకు ముందు 26 డెసిబెల్స్ శబ్దం ఉన్నదానితో సమానం. మైనస్ 127 పెట్టెకు ఇదే లెక్క వేస్తే 19 వస్తుంది. అర్ధరాత్రి కిటికీలన్నీ మూసినా హనుమకొండ గదిలో 30 కంటే తక్కువ దొరకడం కష్టం. ఫ్యాను తిరుగుతుంటే 40 దాటుతుంది. గది చప్పుడు రెండు పెట్టెల చప్పుడునూ మింగేస్తుంది.

కండెన్సర్ మైకుతో ఈ తేడా ఇంకా పలచబడుతుంది. ఆడియో-టెక్నికా ఏటీ2020 అదే 94 డెసిబెల్స్‌కు 14.1 మిల్లీవోల్టులు ఇస్తుంది. అప్పుడు మైనస్ 120 పెట్టె చప్పుడు 9 డెసిబెల్స్ శబ్దంతో సమానం. ఆ మైకు తనంతట తానే 20 డెసిబెల్స్ చప్పుడు చేస్తుంది. పెట్టె సంగతి లెక్కలోకే రాదు. పాడ్‌కాస్టుల్లో పేరున్న షూర్ ఎస్ఎం7బీ అనే డైనమిక్ మైకు మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. అది ఎస్ఎం58 కంటే ఇంకా తక్కువ వోల్టేజీ ఇస్తుంది కాబట్టి మైనస్ 120 పెట్టె చప్పుడు 31 దాకా చేరుతుంది. నిశ్శబ్దమైన గదిలో అది వినపడుతుంది. ఆ మైకు కొనేవారికి మంచి ప్రీయాంప్ నిజంగానే కావాలి. మైకు ఏదో తెలియకుండా ఇంటర్‌ఫేస్ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు ఉండదని ఈ మూడు మైకులే చెబుతున్నాయి.

ఇదే లెక్కలో పైసా ఖర్చు లేని ఒక మార్గం ఉంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉందనుకుందాం. దాన్ని బెత్తెడు దూరానికి, అంటే నాలుగు వేళ్ల వెడల్పుకు తెస్తే దూరం మూడో వంతుకు తగ్గుతుంది. దూరం సగమైన ప్రతిసారీ గొంతు బలం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది కాబట్టి ఈ ఒక్క కదలికతో 9 డెసిబెల్స్ లాభం. పైన చూసిన రెండు పెట్టెల మధ్య తేడా 7 మాత్రమే. పైగా ఖరీదైన పెట్టె తన చప్పుడును మాత్రమే తగ్గించుకుంటుంది. మైకును దగ్గరకు జరిపితే పెట్టె చప్పుడు, గది చప్పుడు, ఫ్యాను, వీధిలో ఆటో, అన్నీ ఒకేసారి వెనక్కి పోతాయి. డైనమిక్ మైకు గదిని వినిపించదని అందరూ అనే మాటలోని అసలు కిటుకు కూడా ఈ దూరంలోనే ఉంది. డైనమిక్ మైకును దగ్గర పెట్టుకుని వాడతారు, కండెన్సర్‌ను దూరంగా నిలబెడతారు. ముందు వైపు శబ్దాన్ని ఒకే తీరుగా పట్టే రెండు రకాల మైకులనూ ఒకే దూరంలో పెట్టి చూస్తే ఆ మహిమలో చాలా భాగం మాయమవుతుంది. మరీ దగ్గరైతే గొంతులో బరువు పెరుగుతుంది. ప, బ, ఫ, భ పలికినప్పుడు గాలి మైకును కొడుతుంది. మైకును పెదవులకు ఎదురుగా కాకుండా నోటి మూలకు తిప్పితే గాలి పక్కనుంచి పోతుంది.

చౌక పెట్టెలో నిజంగా అనుమానించాల్సింది గెయిన్‌ను. పైన చెప్పిన ఎస్ఎం58 ముందు బెత్తెడు దూరంలో మామూలు గొంతుతో చదివితే 50 నుంచి 55 డెసిబెల్స్ గెయిన్ కావాలి. ఎస్ఎం7బీకి కనీసం 60 అని తయారీదారే చెబుతున్నారు. స్కార్లెట్ 2ఐ2 మూడో తరం గెయిన్ పరిధి 56, నాలుగో తరానిది 69. ఆడియెంట్ ఈవో 4లో 58. ఈ అంకె ఎక్కడా రాయని పెట్టెను నమ్మకూడదు. రాసి ఉన్నా బొత్తాన్ని చేత్తో తిప్పి చూడాలి. నాసిరకం బొత్తాలు మూడు వంతుల దాకా తిరిగినా ఏమీ పెరగనట్టే ఉండి, చివరి పావు వంతులో ఒక్కసారిగా ఎగబాకుతాయి. డైనమిక్ మైకు వాడేవారు ఎప్పుడూ ఆ చివరి పావు వంతులోనే ఉంటారు. వెంట్రుకవాసి కదిపితే 5, 6 డెసిబెల్స్ మారిపోతుంది. నిన్న పెట్టిన స్థాయి ఇవాళ తిరిగి దొరకదు. పల్లవి ఒకరోజు, చరణాలు మరోరోజు పాడే ఇళ్లలో ఇది పెద్ద చిక్కు.

డప్పు, ఒగ్గు డోలు రికార్డు చేసేవారికి సమస్య తలకిందులుగా ఉంటుంది. వారికి గెయిన్ అక్కరలేదు, గెయిన్ పూర్తిగా తగ్గించినా పగలని పెట్టె కావాలి. సెగ చూపి బిగించిన డప్పుకు అడుగు దూరంలో మైకు పెడితే దెబ్బ పడిన క్షణాన శబ్దం 110, 120 డెసిబెల్స్‌కు పోతుంది. ఆ స్థాయిలో కండెన్సర్ మైకు ఇచ్చే వోల్టేజీ కొన్ని పెట్టెల మైకు ఇన్‌పుట్ భరించగలదానికి దగ్గరగా వచ్చేస్తుంది. పెట్టె వివరాల్లో మైకు ఇన్‌పుట్ గరిష్ఠ స్థాయి ఎంతో చూడాలి. ప్లస్ 9 డీబీయూ వంటి అంకె ఉంటే నిశ్చింత. సున్నా కంటే తక్కువ ఉంటే డప్పును డైనమిక్ మైకుతో, కొంత దూరం నుంచి పట్టాల్సిందే. పగిలిన డప్పు దెబ్బను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగు చేయలేదు.

ట్రాక్ మీద, అంటే ముందే సిద్ధం చేసిన సంగీతం హెడ్‌ఫోన్‌లో వింటూ, పాడేవారికి ఆలస్యం మరో బాధ. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ఆ ముక్కనే బఫర్ అంటారు. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 శాంపిళ్ల బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మధ్యలో మార్పిడి సమయం, అన్నీ కలిపి 12 మిల్లీసెకన్ల పైన తేలుతుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి ఇది నాలుగు మీటర్ల అవతల నుంచి వినడంతో సమానం. డోలక్ వాయించేవారు దీన్ని సర్దుకుంటారు. పాడేవారు సర్దుకోలేరు. సొంత గొంతు తల ఎముకల గుండా వెంటనే వినిపిస్తుంది, హెడ్‌ఫోన్‌లో కాస్త ఆగి వినిపిస్తుంది. రెండూ కలిసి గొంతు డొల్లగా తోస్తుంది. ఆ తడబాటులోనే శ్రుతి జారుతుంది.

దీనికి మందు డైరెక్ట్ మానిటర్ అనే మీట. మైకు శబ్దాన్ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా పెట్టెలోనే మళ్లించి హెడ్‌ఫోన్‌కు ఇస్తుంది. నాలుగు వేల పెట్టెల్లోనూ ఇది దొరుకుతుంది. అయితే కొన్నింటిలో ఇది ఉంది లేదు అన్నట్టు ఒక్క మీటే. ట్రాక్‌కూ గొంతుకూ మధ్య పాళ్లు మార్చుకునే బొత్తం ఉంటే పాడేవారి ప్రాణం హాయిగా ఉంటుంది. విండోస్ కంప్యూటర్ వాడేవారు ఇంకొకటి తప్పక చూడాలి. ఆ పెట్టెకు తయారీ సంస్థ సొంతంగా ఆసియో డ్రైవర్, అంటే ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్, ఇస్తున్నదా? లేకుంటే ఆసియో4ఆల్ వంటి ఉమ్మడి డ్రైవర్‌తో నెట్టుకురావాలి. అది కొన్ని ల్యాప్‌టాప్‌లలో చక్కగా నడుస్తుంది, కొన్నింటిలో పాట మధ్యలో టపటపమంటుంది. మాక్ కంప్యూటర్లకు ఈ బెడద తక్కువ. వందల రూపాయల తేడాతో రెండు పెట్టెల మధ్య ఊగిసలాడుతుంటే సొంత డ్రైవర్ ఉన్నదాన్నే తీసుకోవడం మంచిది.

పెట్టె మీద పడే నిందల్లో చాలావరకు నిజానికి ఇంటి కరెంటువి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, లోపల ఎర్త్ తీగ మాత్రం ఉండదు. ఉన్నా ఎర్త్ గుంటలో నీళ్లు పోసి ఏళ్లయి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ నుంచి కారే అతి స్వల్పమైన విద్యుత్తు పోయే దారి లేక ల్యాప్‌టాప్ ఒంటి మీదే నిలుస్తుంది. చేత్తో నిమిరితే సన్నగా జిల్లుమనే అనుభవం చాలామందికి తెలుసు. అదే విద్యుత్తు యూఎస్‌బీ తీగ గుండా ఇంటర్‌ఫేస్‌లోకి, అక్కడి నుంచి రికార్డింగులోకి 50, 100 హెర్ట్జ్ ఝుంకారంగా చేరుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైకు గెయిన్ పెంచి, ఛార్జర్ తీసేయాలి. ఝుంకారం ఠక్కున ఆగిపోతే పెట్టె నిర్దోషి. మైకు లోహపు ఒంటిని పట్టుకున్నప్పుడు హోరు మారినా అనుమానించాల్సింది ఎర్తింగునే. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి పాడటం తాత్కాలిక ఉపాయం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు సరిచేయించడం శాశ్వతమైనది, మనుషుల ప్రాణాలకూ మంచిది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డు చేయకపోవడమే మేలు. చౌక ఇన్వర్టర్ల కరెంటు నునుపైన అల కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్ల రొద ఛార్జర్ గుండా వచ్చేస్తుంది.

ఝుంకారం కాకుండా సన్నని ఈల వినిపిస్తే మాత్రం పెట్టెను ప్రశ్నించాలి. యూఎస్‌బీలో సమాచారం సెకనుకు వెయ్యి సార్లు, వేగవంతమైన రకంలో 8 వేల సార్లు, ఒక లయతో కదులుతుంది. పెట్టె లోపల విద్యుత్ సరఫరాను సరిగా వడకట్టకపోతే ఆ లయే 1 కిలోహెర్ట్జ్, 8 కిలోహెర్ట్జ్ ఈలగా బయటపడుతుంది. గది చప్పుడు దీన్ని దాచలేదు. 'స్' శబ్దాన్ని చెవి మర్చిపోతుంది, ఒకే శ్రుతిలో సాగే ఈలను మర్చిపోదు. మైనస్ 120, మైనస్ 127 తేడా కంటే ఇది వంద రెట్లు పెద్ద లోపం, అయినా ఏ అట్టపెట్టె మీదా కనిపించదు.

అందుకే పెట్టె చేతికి రాగానే, తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. రేడియో, టీవీ బాగుచేసే దుకాణంలో 150 ఓముల నిరోధం ఒకటి, ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల మైకు ప్లగ్గు (మగది) ఒకటి తెచ్చుకోవాలి. ప్లగ్గులో 2, 3 పిన్నుల మధ్య నిరోధాన్ని అతికించి మైకు రంధ్రంలో పెట్టాలి. పెట్టెకు అది నిశ్శబ్దంగా ఉన్న మైకులా కనిపిస్తుంది. గెయిన్ పూర్తిగా పెంచి అర నిమిషం రికార్డు చేసి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో బాగా పెంచి వినాలి. ఎడతెగని 'స్' మాత్రమే వినిపిస్తే సరే. ఈల, టిక్కు టిక్కులు, గరగరలు ఉంటే వెంటనే తిరిగి పంపేయాలి. అదే దుకాణంలో మల్టీమీటర్‌తో ఫాంటం పవర్ కూడా చూపించుకోవచ్చు. మైకు తగిలించకుండా 1, 2 పిన్నుల మధ్య 44 నుంచి 52 వోల్టుల లోపు ఉండాలి.

గది గురించి కొంత చెప్పక తప్పదు. సిమెంటు గోడలు, స్లాబు, గ్రానైట్ లేదా టైల్స్ నేల ఉన్న గదిలో గొంతు గోడ నుంచి గోడకు కొట్టుకుంటుంది. వరంగల్‌లో దీనికి మందు ఇంట్లోనే దొరుకుతుంది. కొత్తవాడ మగ్గాల మీద నేసే దర్రీలు, 2018లో భౌగోళిక గుర్తింపు పొందినవి, గోడకు వేలాడదీస్తే గొంతు గణగణ చాలావరకు తగ్గుతుంది. గోడకు అతికించకుండా జానెడు ఎడంగా, రెండు మడతలుగా వేలాడదీస్తే ఇంకా కింది స్వరాలనూ కొంత పీల్చుకుంటుంది. దర్రీ ఎంత మందమైనా డోలు గుమ్ములను ఆపలేదు. 100 హెర్ట్జ్ శబ్దపు అల పొడవు మూడున్నర మీటర్లు, అంత పెద్ద అలను గుడ్డ ఆపదు. కాజీపేట వైపు పోయే గూడ్సు రైలు గుడగుడలూ అంతే. పాట గొంతులో 80 హెర్ట్జ్ కింద ఏమీ ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఆ కింది భాగాన్ని కత్తిరించేస్తే సరిపోతుంది. ఎండాకాలంలో ఫ్యాను ఆపి నాలుగు నిమిషాలు పాడటం, వేసుకుని పది నిమిషాలు సేదదీరడం తప్పదు.

ఎన్ని ఇన్‌పుట్‌లు కావాలనే దగ్గర చాలామంది పొరబడతారు. రెండు ఇన్‌పుట్‌లు అని రాసి ఉన్నా స్కార్లెట్ సోలో, ఎం-ట్రాక్ సోలో, యూఎం2లలో మైకు తగిలించేది ఒక్కదానికే. రెండోది గిటార్, కీబోర్డుల కోసం. కథలు చదివేవారికి, ట్రాక్ మీద ఒక్కరే పాడేవారికి అది చాలు. పాటా డోలకూ ఒకేసారి పట్టాలన్నా, ఒగ్గుకథలో ప్రధాన కథకుడినీ వంతపాట వారినీ వేర్వేరుగా తీసుకోవాలన్నా రెండు మైకు ప్రీయాంపులున్నది కొనాలి. డబ్బు పెంచాల్సి వస్తే బిట్లకో కిలోహెర్ట్జ్‌కో కాదు, ఆ రెండో ప్రీయాంపుకు పెంచడం న్యాయం. ఒక్కరే పాడే ఇంట్లో మాత్రం అయిదారు వేల లోపు పెట్టె ఈల పరీక్షలో నెగ్గితే అక్కడితో ఆగవచ్చు. మిగిలిన సొమ్ముతో బరువైన మైకు స్టాండు, మూడు మీటర్ల మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, గోడకు రెండు దర్రీలు కొనుక్కోవచ్చు.